అవతలి గోలు వెనక

మా మిల్లు జట్టు ఆట చూడడానికి మొదటిసారి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి తప్పకుండా ఒకటి అడుగుతారు. మీ గోల్‌కీపర్ ఇటుంటే మీరంతా ఆ చివర, అవతలివాళ్ళ గోలు వెనక ఎందుకు నిలబడతారు? సగం ఆటలో జట్లు వైపులు మార్చుకోగానే సంచులూ గొడుగులూ సర్దుకుని మళ్ళీ ఎదురు చివరికి ఎందుకు నడుస్తారు? పైగా ఒక్కరూ నోరు మెదపరేం, ఇదేం అభిమాన సంఘం? ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పినా కొంపలు మునిగేదేమీ లేదు.

అదంతా ఒక చలికాలంలో మొదలైంది. మొదలుపెట్టింది మా వదిన, ఫుట్‌బాల్ పేరెత్తితేనే ఒళ్ళుమండే మనిషి. ఆదివారం అనేది బట్టలు ఉతకడానికి పుట్టిందని ఆమె నమ్మకం. మగాళ్ళంతా ఒక తోలు బంతి వెనక పరిగెత్తి, ఆమె ఉతికినవే మళ్ళీ మట్టి చేసుకురావడం ఆమెకు అర్థమయ్యేది కాదు. ఆ రోజుల్లో ఆడబిడ్డనైన నాకూ ఆమెకూ ఉప్పూ నిప్పూగా ఉండేది. కుళాయి దగ్గర వంతు కోసం, అద్దం ముందు చోటు కోసం, ఏదీ లేకపోతే తలుపు గడియ ఎవరు పెట్టలేదన్నదాని కోసం దెబ్బలాడుకునేవాళ్ళం. గెలిచేది ఎప్పుడూ ఆమే. అది నాకు మరీ కడుపుమంటగా ఉండేది.

ఇంట్లో నలుగురం, నలుగురమూ మిల్లువాళ్ళమే. అమ్మ మగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్ళు నిలబడి మోకాళ్ళు అరగదీసుకుని ఇంట్లో కూర్చుంది. వదినా నేనూ అదే షెడ్డులో నేతపని. అన్నయ్య మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. చెప్పులు విడిచి నేల మీద పాదం ఆనించి, కాసేపు అలాగే నిలబడి, మూడో వరసలో ఏడో మగ్గం కుంటుతోందని చెప్పేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే కుంటుతూ ఉండేది.

మగ్గాల షెడ్డులో గొంతుతో పనిలేదు. రెండొందల మగ్గాలు ఒకేసారి కొడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ మాటలన్నీ పెదవులతో, చేతులతో. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే పోగు తెగిందని. పిడికిలి పైకెత్తితే ఆపమని. పైపెదవి మీద వేలు గీస్తే మీసాల మేస్త్రీ నీ వెనకే వస్తున్నాడు, జాగ్రత్త అని. పక్కమనిషి లేనప్పుడు ఆమె మగ్గంలో ఏదైనా అయితే, దాన్ని చూసుకుంటానన్న మనిషి అరచెయ్యి గుండె మీద పెడుతుంది. నేను చూసుకుంటా, మీరు వదిలెయ్యండి అని అర్థం. అలా చెయ్యి పెట్టాక ఇంకెవరూ అటు వెళ్ళరు.

అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. అన్నయ్యకు ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్ళి, పెదవులు బాగా కదిలించి, చేత్తో చూపించి చెప్పేవాళ్ళం. అందరం అందరితోనూ అలాగే మాట్లాడుకునేవాళ్ళం. అన్నయ్యకు వినికిడి పోతోందని మాకెవరికీ అనుమానం రాకపోవడానికి అదే కారణం. ఇంకో ఇంట్లో అయితే వారంలో పట్టేసేవాళ్ళు.

అన్నయ్య తొమ్మిదేళ్ళుగా మిల్లు జట్టుకు గోల్‌కీపర్. ఇంట్లో ఉన్నాడో లేడో తెలియని మనిషి, ఆ రెండు కర్రల మధ్య నిలబడగానే ఇంకొకరయ్యేవాడు. వెన్ను నిటారుగా, కళ్ళు మెరుస్తూ, బంతి ఎటు వస్తుందో దానికంటే ముందే తనకు తెలిసినట్టు కదిలేవాడు. గోలులో నిలబడితే మా అన్నయ్య అందంగా ఉండేవాడు. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ చలికాలం రెండో ఆటలోనే దెబ్బ తగిలింది. మా గోలు ముందుకు ఎత్తుగా ఒక బంతి వచ్చింది. గోడౌనులో బస్తాలు మోసే మనిషి ఒకతను మా జట్టులో గోలు ముందు కాపలా ఆడేవాడు. అతన్ని దాటి బంతి పోవడం కష్టం కనుక అందరూ కంచె అనేవారు. ఆ కంచె వెనక్కి పరిగెడుతూ, నాది, నాది, వదిలెయ్ అని అరిచాడు. సగం మైదానం దూరంలో తాడు దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది. వేరుశనగలు అమ్మేవాడికి కూడా వినిపించింది. అన్నయ్య మాత్రం పిడికిలి ఎత్తుకుని దూసుకొచ్చి అతని మీద పడ్డాడు. కంచె భుజం దగ్గర ఎముక విరిగింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ గోలులోకి వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం డ్రిల్లు మేస్టారు మా ఇంటికి వచ్చారు. ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు నేర్పి రిటైరై, మా జట్టును తయారుచేస్తున్న పెద్దమనిషి. కుర్చీలో నిటారుగా కూర్చుని, కంచెకు ఆరు వారాలు విశ్రాంతి అని చెప్పారు. ఇలాంటిది ఇంకొక్కసారి జరిగితే గోలులో ఆఫీసు గుమాస్తా నిలబడతాడని కూడా చెప్పారు. అన్నయ్య ఆయన మొహం మీదనుంచి కళ్ళు తిప్పకుండా విని తల ఊపాడు. మేస్టారు లేచి గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నారు.

"అసలు వాడు అరిచింది నీకు వినిపించలేదా?"

అన్నయ్య బదులు చెప్పలేదు. తప్పు చేసినవాడి మౌనం అనుకుని మేస్టారు నిట్టూర్చి వెళ్ళిపోయారు. టీ గ్లాసులు తీస్తున్న వదిన మాత్రం అక్కడే ఆగి అన్నయ్యను చూసింది.

అన్నయ్య వంటగదికి వీపుపెట్టి బల్ల మీద కూర్చుని పేపరు విప్పాడు. వదిన అలమారులోంచి ఒక స్టీలు పళ్ళెం తీసింది. అన్నయ్య వెనక రెండడుగుల దూరంలో నిలబడి దాన్ని నేల మీదికి వదిలేసింది. మంచం మీద అమ్మ ఉలిక్కిపడి లేచింది. కుళాయి దగ్గర ఉన్న నేను తడిచేతులతో పరిగెత్తుకొచ్చాను. పళ్ళెం గింగిరాలు తిరిగి తిరిగి ఆగింది. అన్నయ్య పేపరు పేజీ తిప్పాడు.

అమ్మ ఏదో అనబోయింది. వదిన అమ్మ వైపు తిరిగి అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. తర్వాత పళ్ళెం తీసి కడిగి, తుడిచి, మళ్ళీ దాని చోట పెట్టింది.

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మేస్టారికి తెలిస్తే అన్నయ్యను ఆ రోజే పక్కన పెట్టేస్తారు. చెవులు లేని గోల్‌కీపర్‌ను ఏ జట్టు పెట్టుకుంటుంది, రేపు ఇంకొకరి ఎముక విరిగితే ఎవరు పూచీ? ఆయన తప్పు కూడా కాదు. కానీ ఆ రెండు కర్రల మధ్యనుంచి తీసేస్తే అన్నయ్యలో ఏం మిగులుతుందో తలుచుకోవడానికే నాకు భయమేసింది.

ఆదివారం బట్టలు ఉతకకుండా వదిన మైదానానికి వచ్చింది. అదే ఆమె మొదటిసారి రావడం. వచ్చీ రాగానే ఎవరినీ అడక్కుండా తిన్నగా వెళ్ళి అవతలివాళ్ళ గోలు వెనక నిలబడింది. అక్కడ నిలబడితేనే అన్నయ్యకు ఎదురుగా కనిపిస్తుంది మరి. దారి తప్పిందనుకుని ఒకాయన, అమ్మా, మనవాళ్ళు ఇటు, అది శత్రువుల వైపు అని మర్యాదగా చెప్పాడు. వదిన వినిపించుకోలేదు. ఆట మొదలవగానే చేతులు పైకెత్తింది.

బంతి ఎటు పోతుంది, గోలు ఎన్ని పడితే గెలుపు, ఏమీ తెలియని మనిషి. కానీ ఆరు మగ్గాలు ఒక్కతే నడిపే కన్ను ఆమెది. ఏ పోగు తెగబోతోందో తెగకముందే పట్టుకోవడం అలవాటు. మైదానంలో మావాళ్ళు వదిలేసిన ఖాళీ ఆమెకు తెగిన పోగులా కనిపించింది. వేళ్ళు విడదీసి కుడివైపు చూపించింది. అన్నయ్య అటు జరిగాడు. బంతి అటే వచ్చింది. పక్కనుంచి ఒకడు చప్పుడు చెయ్యకుండా చొరబడుతుంటే పైపెదవి మీద వేలు గీసింది. అన్నయ్య చటుక్కున తిరిగి వాడి కాళ్ళ దగ్గర పడి బంతి పట్టుకున్నాడు.

సగం ఆట అయింది, జట్లు వైపులు మారాయి. ఇప్పుడు అన్నయ్య గోలు వెనక వదిన ఉండిపోయింది. చూడాలంటే అతను ఆట వదిలి వెనక్కి తిరగాలి. వదిన సంచి భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా మైదానం పొడుగునా నడిచి అవతలి చివరికి చేరింది. తాడు పక్కన కూర్చున్న కుర్రకారు నవ్వారు. వాళ్ళలో ఒకడు, ఏమిటమ్మా ఆ చేతులూపడం, మీ ఆయనకు చెవుడా అని వేళాకోళం ఆడాడు. వాడికి అది ఉత్త సరదా. వదిన మొహం పాలిపోవడం నేను చూశాను.

సోమవారం షెడ్డులో ఆమె చేతులు మధ్యాహ్నం దాకా ఆగలేదు. వరస నుంచి వరసకు ఒకటే మాట పాకింది. ఆదివారం నాతో రండి. ఎందుకో చెప్పలేదు. ఆ ఆదివారం ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చారు, అందులో సగం మందికి ఫుట్‌బాల్‌లో జట్టుకు ఎందరుంటారో తెలియదు. ఇంతమంది ఎందుకని దారిలో అడిగాను.

"ఒక్కదాన్నే చేతులూపితే మొగుడికి చెవుడని తెలిసిపోతుంది. ముప్పై మంది ఊపితే సంఘం అంటారు" అంది.

మా అభిమాన సంఘం పుట్టింది అలా. ఆటను ప్రేమించి కాదు, ఒక మనిషిని దాచడానికి. ఆ మాట విన్నాక వదిన మీద నాకు అన్నాళ్ళూ ఉన్న ఉక్రోషం ఏమైందో నాకే తెలియదు. ఆమె సంచి నేను అందుకుని మోశాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, పడెయ్యకు అని మాత్రం అంది.

తీరా ఆట మొదలయ్యాక కొత్త చిక్కు వచ్చిపడింది. మిల్లు ఆడవాళ్ళ చేతులకు ఊరికే ఊగడం రాదు. పైకి లేస్తే ఏదో ఒకటి చెప్పి తీరతాయి. మాలో ఒకామెను రేడియో అనేవాళ్ళం, నోరు తెరవకుండానే ఊరి వార్తలన్నీ మోసేది. పక్కన ఆరుగురికి చేతులతో ఆ వారం సంగతి మొదలుపెట్టింది. మేస్త్రీ మీసానికి వేసుకున్న రంగు వానలో కారి చొక్కా మీదికి దిగిందట. మైదానం ఆ చివర అన్నయ్య అంతా చదివేశాడు. మేస్త్రీ మొహం కళ్ళముందు మెదిలిందో ఏమో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నవ్వాడు. బంతి అతని పక్కనుంచి లోపలికి పోయింది. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం.

మర్నాడు టీ వేళ షెడ్డు బయట వదిన అందరినీ పోగేసింది. ఇకమీదట తను ఏం చూపిస్తే అందరూ అదే చూపించాలి, సొంత కబుర్లు ఉండకూడదు అంది. రేడియోకు రోషం వచ్చింది.

"మన చేతులు అంత దూరం నుంచి ఎవరు చూస్తారే?"

వదిన గ్లాసులో టీ వైపు చూస్తూ నిలబడింది. రేడియో ఆమెను కాసేపు చూసింది. ఊళ్ళో ఏ మూల ఏం జరిగినా గంటలో అందరికీ చేరవేసే ఆ మనిషికి విషయం అర్థమైపోయింది.

"సరే, నువ్వెలా ఊపితే అలా" అని గ్లాసు కింద పెట్టి లోపలికి పోయింది. ఆ సంగతి మాత్రం ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదని ఆ చలికాలం చివరిదాకా అనుకున్నాను.

అప్పటినుంచి ముప్పై జతల చేతులు ఒక్కటిగా లేచేవి, ఒక్కటిగా దిగేవి. చూడ్డానికి మనుషులు వచ్చేవారు. ఆట కంటే మమ్మల్నే చూసేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకసారి అవతలి జట్టువాళ్ళు రిఫరీతో తగువు పెట్టుకున్నారు. ముప్పై మంది ఆడవాళ్ళు తమకేసి మీసాలు దువ్వుతున్నారట, అవమానమట. రిఫరీ జేబులోంచి రూల్సు పుస్తకం తీసి తిరగేసి తిరగేసి, లేని మీసాలు దువ్వకూడదని ఇందులో ఎక్కడా రాయలేదని తేల్చేశాడు. అన్నయ్య ఆ నెలలో నాలుగు ఆటల్లో ఒక్క గోలే ఇచ్చాడు. ఇంటికి వచ్చాక వదినా అతనూ ఆ విషయం ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్ళు కాదు. సోమవారం పొద్దున అతని బట్టలు ఆమె మాట్లాడకుండా ఉతికేది. మొదటిసారి ఆ మట్టిని తిట్టకుండా ఉతకడం నేను చూశాను.

నాకు మిగిలిన భయం ఒక్కటే, డ్రిల్లు మేస్టారు. ఆయన బంతిని చూడడం మానేసి మమ్మల్ని చూస్తుండేవారు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు చిన్నవి చేసుకుని, ఏదో లెక్కపెడుతున్నట్టు.

చివరి ఆట హార్బరు జట్టుతో. కంచె భుజం అతుక్కుని మళ్ళీ ఆడుతున్నాడు. అన్నయ్యా అతనూ గోలు ముందు ఒకరినొకరు తప్పుకుని నిలబడ్డారు, సంబంధం చెడిన బావామరుదుల్లాగా. మొదటి సగంలో మేం ఒక గోలు వేశాం. రెండో సగానికి మేం నడిచి ఎదురు చివరికి చేరేసరికి సూర్యుడు సరిగ్గా మా వెనకకు దిగాడు. వదిన చేతులు ఎత్తింది, మేమంతా ఎత్తాం. అన్నయ్య నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇటు చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ చూశాడు. మేం అతనికి కనబడడం లేదు.

వదినకు అర్థమైంది. చేతులు ఇంకా పైకెత్తింది, పాదాల వేళ్ళ మీద లేచింది. కనబడని చేతులు ఎంత ఎత్తితే ఏం లాభం? పక్కకు జరుగుదామంటే అక్కడ గోడ. అలాగే రెండో సగమంతా గడిచింది, ఆట అయిపోవడానికి ఇంక కొద్ది నిమిషాలే ఉన్నాయని ఎవరో అన్నారు. అప్పుడు మా గోలు ముందుకు ఎత్తుగా ఒక బంతి వచ్చింది.

అదే బంతి. కంచె వెనక్కి పరిగెత్తాడు, అన్నయ్య పిడికిలి ఎత్తుకుని ముందుకొచ్చాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగిన గుర్తు రెండు రోజులు ఉంది. కంచె అరవలేదు. బంతిని చూడడం మాని, పరుగులోనే అన్నయ్య వైపు పూర్తిగా తిరిగి, అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

అన్నయ్య ఆగిపోయాడు. కంచె మళ్ళీ తిరిగి ఎగిరి తలతో బంతిని బయటికి కొట్టాడు. ఇంకాసేపటికి రిఫరీ విజిల్ ఊదాడు.

కంచె గోడౌను మనిషి, మగ్గాల షెడ్డులో అడుగైనా పెట్టినవాడు కాదు. అతనికా గుర్తు ఎవరు నేర్పారు? నేను రేడియో వైపు చూశాను. ఆమె ఎటో చూస్తూ సంచి సర్దుకుంటోంది.

మేస్టారు నెమ్మదిగా నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. వదిన కొంగు బిగించి నిలబడింది, ఏ మాటకైనా సిద్ధమన్నట్టు.

"మూడో ఆదివారమే తెలిసిందమ్మా. ముప్పై మంది చేతులూ ఒకేసారి లేస్తాయని అందరూ అనుకుంటారు. ఒక జత మాత్రం ముందు లేస్తుంది, దాన్ని చూసే మీ ఆయన కదులుతాడు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు నేర్పాను, ఎవరు ముందో ఎవరు వెనకో నాకు చెప్పాలా?"

ఆ ఆదివారం తర్వాత ఆయనే రేడియోను బతిమాలి పొద్దున్న ప్రాక్టీసుకు పిలిపించుకున్నారట. అన్నయ్య రాకముందు అరగంట ఆమె కంచెకూ మిగతావాళ్ళకూ గుర్తులు నేర్పేదట. తమకు తెలుసన్న సంగతి అన్నయ్యకు ఎవరూ చెప్పకూడదన్నది కంచె పెట్టిన షరతట. ఎముక విరిగినవాడు పెట్టిన షరతు. ఆ మాట విని నేను అక్కడే తాడు పట్టుకుని ఏడ్చాను.

"వచ్చే ఏడాది?" అని వదిన అడిగింది.

"గోలులో వాడే. ఆ సూర్యుణ్ణి ఏం చేస్తారో మాత్రం మీరే చూసుకోండి" అన్నారు మేస్టారు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నయ్య బల్ల మీద కూర్చుని బూట్ల మట్టి గీకుతున్నాడు. వదిన అతని ఎదురుగా వెళ్ళి కూర్చుంది. పెదవులు కదిలిస్తూ, నాతో ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆ చలికాలమంతట్లో వాళ్ళిద్దరి మధ్యా ఆ విషయం మాటగా రావడం అదే మొదలు. అన్నయ్య బూటు కింద పెట్టాడు.

"చెప్పానుగా. పళ్ళెం పడేశావే, అప్పుడు."

వదినకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నేల అదిరింది. కాలికి తెలిసింది. గిరుక్కున తిరిగి ఏమైందని అడిగితే వినిపించిందని నమ్మేదానివి. అప్పటికి ఆరు నెలలుగా అందరి దగ్గరా అలాగే తిరుగుతున్నాను. నీ దగ్గర ఇంక తిరగాలనిపించలేదు" అన్నాడు.

వదిన లేచి, ఆ మట్టి బూట్లు రెండూ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు వంతు నాది. నేను పక్కకు జరిగాను.

అన్నయ్య ఇంకో ఐదేళ్ళు గోలులో నిలబడ్డాడు. ఇప్పుడు మా గోల్‌కీపర్ కొత్త మనిషి, చీమ చిటుక్కుమన్నా వినిపించే చెవులు. వచ్చిన మొదటి వారమే మర్యాదగా వదిన దగ్గరికి వచ్చి, అమ్మా, నాకు బాగానే వినిపిస్తుంది, మీరు ఇంత దూరం నడవక్కర్లేదు, ఇటువైపే ఉండి అరిస్తే చాలు అన్నాడు.

"మాకు అరవడం రాదు నాయనా" అంది వదిన.

సగం ఆట అవగానే మేమంతా సంచులు తీసుకుని అవతలి చివరికి నడుస్తాం. ఇప్పుడు వంద మందిమి. అన్నయ్య వదిన పక్కనే నిలబడతాడు. ఆమె చేతులు లేచాక అతనివి లేస్తాయి. ఎన్నాళ్ళయినా ఒక క్షణం వెనకే.